తేదీ లేని ఆరు గంటలు

ప్రకటనల కంపెనీ, నాలుగో అంతస్తు
జూన్ 9

మామయ్యా,

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు. నేను అరుస్తాను. పక్క బల్లల వాళ్ళు ఎవరో నన్ను ఏడిపిస్తున్నారేమో అన్నట్టు చూస్తారు. ముప్పై ఏళ్ళు పంపుల హోరులో కూర్చున్న ఆ చెవులతో ఇక నేను పోట్లాడలేను. మనకి ఉత్తరాలే మేలు. పైగా నోటితో మూడు ముక్కల్లో తేల్చేసేది నువ్వు కాగితం మీద మూడు పేజీలు చెప్తావు.

ఒక కబురు. మన ఊరి మునిసిపల్ ఎన్నికల ప్రచారం మా కంపెనీకి వచ్చింది. చైర్మన్‌గారిది కాదు, ఆయన మీద పోటీ చేస్తున్న డాక్టరుగారిది. "ఆ ఊరి పిల్లవి కదా, నువ్వే చెయ్" అని మా పెద్దసారు నా చేతిలో పెట్టారు. ఆరేళ్ళ నుంచి సబ్బులకీ, టార్చిలైట్లకీ, దోమల మందుకీ రాస్తున్నాను. ఇప్పటికి మనుషుల మీద రాసే పని దొరికింది. అమ్మకి చెప్పగానే షాపులో కుట్టుమిషను ఆపేసి, ఉన్నవాళ్ళందరికీ ఫోన్లోనే వినిపించింది.

పెద్దసారుకి ఒక లెక్క ఉంది. "నవ్వించే ప్రకటనకి చప్పట్లు కొట్టి మర్చిపోతారమ్మా. భయపెట్టే దాన్ని ఇంటికి తీసుకెళ్ళి పక్కన పడుకోబెట్టుకుంటారు," అంటారు. ఆయన మాట వినడానికి బానే ఉంటుంది, విన్నాక కాసేపు అదోలా ఉంటుంది.

అది సరే. ఊరికే అడుగుతున్నాను, ఇన్నేళ్ళ నీటి పరీక్షల ఉద్యోగంలో నీకు నిజంగా భయమేసిన రోజు ఉందా? ఉంటే వివరంగా రాయి. నీ సీసాల సంగతులు విని చాలా రోజులైంది.

నీ పిచ్చుక

*

నీటి పరీక్షల గది, పాత పంపుహౌసు
జూన్ 17

పిచ్చుకా,

నా సీసాల సంగతులు ఎవరైనా కావాలని అడగడం నా సర్వీసులో ఇదే మొదటిసారి. మీ అమ్మ అయితే నేను నోరు తెరవగానే "ఇక క్లోరిన్ మొదలుపెట్టాడు" అని లేచి వెళ్ళిపోతుంది.

భయమేసిన రోజు ఉంది. పోయిన ఏడాది ఆగస్టు ఇరవై రెండు. అంతకు ముందు రెండు రోజులు వాన. ఉదయం ఏడింటికి మార్కెట్టు వెనక వీధి కుళాయి దగ్గర శాంపిల్ పట్టాను. పరీక్ష మందు చుక్కలు వేస్తే నీళ్ళు పసుపు రంగుకి తిరగాలి. తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు. తిరగలేదు. ఇంకోసారి వేశాను. తిరగలేదు. ఇంతలో ఒకావిడ గ్లాసు పట్టుకుని వచ్చింది. అడుగున వేలెడు మట్టి. ఆ గ్లాసు నా ముఖం ముందు పెట్టి, "ఇది మీరు తాగుతారా?" అంది. అరవలేదు. మెల్లగానే అడిగింది.

నలభై ఏళ్ళ నాటి పైపు. కల్వర్టు కింద పగిలి కాలవ నీరు కలుస్తోంది. వాల్వు కట్టేయించాను. మైకు కట్టిన బండి తిప్పించాం. వీధి వీధికీ "ఈ నీళ్ళు తాగరాదు" అని ఎర్ర బోర్డులు పెట్టాం. ట్యాంకరు పంపాం. మధ్యాహ్నం ఒంటిగంటకి పైపు బాగుచేశారు. మొత్తం ఆరు గంటలు, రెండు వందల ఇళ్ళు. తర్వాత లైను కడిగించి, మర్నాడు సాయంత్రం దాకా మూడు శాంపిళ్ళు చూసి, మూడూ బాగుంటేనే బోర్డులు తీయించాను. ఒక్కరికీ ఏమీ కాలేదు.

బోర్డు తీసేటప్పుడు ఆవిడ ఇంటికే వెళ్ళాను. ఆవిడ కుళాయిలోంచి ఆవిడ గ్లాసుతోనే పట్టుకుని, ఆవిడ ముందే తాగాను. "ఇప్పుడు నమ్ముతా," అంది. ఈ ఉద్యోగంలో నాకు దొరికిన బహుమతి ఏదైనా ఉంటే ఆ మాటే.

ఆ పైపులన్నీ మార్చాలని చైర్మన్‌గారికి మూడుసార్లు రాశాను. మూడూ ఏ బీరువాలో ఉన్నాయో. అది వేరే కథ.

కళ్ళద్దాలు మార్చావా? మీ అమ్మ అడగమంది.

మామయ్య

*

ప్రకటనల కంపెనీ, నాలుగో అంతస్తు
జూలై 8

మామయ్యా,

కళ్ళద్దాలు మార్చాను. ఇప్పుడు పెద్దసారు ముఖంలో ఏం కదిలినా కనిపెట్టగలుగుతున్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎంత బాగా రాస్తావు మామయ్యా! నువ్వు మా ఆఫీసులో ఉంటే నా ఉద్యోగం ఊడేది.

ప్రకటన తయారైంది. ముప్పై సెకన్లు. ఏముందో ఇప్పుడు చెప్పను, చూసినప్పుడు చూద్దువుగాని. కానీ దాన్ని పరీక్షించిన రోజు మాత్రం చెప్పాలి. మా దగ్గర ఒక గది ఉంది. ఇరవై మంది మామూలు మనుషుల్ని పిలిచి కూర్చోబెట్టి సినిమా వేస్తారు. అద్దానికి ఇవతల మేం నిలబడి వాళ్ళని చూస్తాం. పెద్దసారు ముఖాలు చూడరు, చేతులు చూస్తారు. ముందు వరసలో ఒకాయన, బ్యాంకు గుమస్తా అట, మంచినీళ్ళు తాగుతూ చూస్తున్నాడు. సగంలో చెయ్యి ఆగింది. గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. తర్వాత అరగంట అక్కడే ఉన్నాడు, ఆ గ్లాసు ముట్టుకోలేదు. పెద్దసారు నా భుజం నొక్కి, "అదిగో," అన్నారు. ఒక్క మాటే. ఆరేళ్ళలో నన్ను ఆయన మెచ్చుకున్నది అదే మొదలు.

సంతోషంగా ఉంది. సంతోషంగానే ఉంది అనుకుంటా.

నీ పిచ్చుక

*

నీటి పరీక్షల గది
జూలై 24

అమ్మాయికి,

క్షవరం చేయించుకుంటూ మంగలి షాపు టీవీలో నీ ప్రకటన చూశాను. సగం గడ్డం మీద సబ్బు ఉంది. లేవలేకపోయాను.

వంటింటి కుళాయి. తల్లి చెయ్యి. గ్లాసు నిండుతుంది, తేటగా ఉన్న నీళ్ళు మెల్లమెల్లగా మట్టిరంగుకి తిరుగుతాయి. పిల్ల ఆ గ్లాసు పెదాల దాకా తెచ్చుకుంటుంది. అక్కడ ఆపేశావు. తెర నల్లబడుతుంది. ఒక ఆడ గొంతు మెల్లగా అడుగుతుంది, "ఇది మీరు తాగుతారా?" తర్వాత డాక్టరుగారి బొమ్మ.

ఆ మాట అడిగినావిడ ఎదురుగా నిలబడ్డది నేను. నీకు చెప్పింది నేను. నువ్వు ఊరికే అడుగుతున్నానన్నావు.

నేను రాసిన దానిలో ఆగస్టు ఇరవై రెండు అని తేదీ ఉంది. ఏడు నుంచి ఒంటిగంట దాకా అని ఉంది. నీ ప్రకటనలో తేదీ లేదు. తేదీ తీసేసరికి ఆ ఆరు గంటలూ ప్రతి రోజూ అయిపోయాయి. నిన్న అయ్యాయి, ఇవాళ అయ్యాయి, రేపూ అవుతాయి. పొద్దున్నుంచి ఆఫీసుకి నలభై ఫోన్లు. నేను రోజుకి పద్దెనిమిది శాంపిళ్ళు చూస్తాను. పద్దెనిమిదీ పసుపు రంగుకి తిరుగుతున్నాయి. ఆ రంగు ఎవరికి చూపించను?

రెండో సగం కూడా పెట్టు. నేను తాగిన సగం. నీ చేతిలో పని కదా.

ఆఫీసులో అంతా మామూలే.

మామయ్య

*

ప్రకటనల కంపెనీ
జూలై 31

మామయ్యా,

అడగకుండా తీసుకున్నాను. అది తప్పే. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను, లేకపోతే మిగతాది నువ్వు చదవవు.

ఇప్పుడు నువ్వే చెప్పు, అందులో అబద్ధం ఒక్కటైనా ఉందా? పైపు పగల్లేదా? మట్టి రాలేదా? ఆవిడ అడగలేదా? నువ్వు మూడు ఉత్తరాలు రాస్తే చైర్మన్‌గారు బీరువాలో పడేశారు. నేను ముప్పై సెకన్లు రాస్తే ఆయన మొన్న సభ పెట్టి పైపుల గురించి మాట్లాడారు. ఎవరిది పని చేసింది?

జనానికి లెక్కలు చెబితే ఆవులిస్తారు మామయ్యా. ఓటు వెయ్యడానికి ఎండలో బయటికి రావాలంటే కడుపులో ఏదో ఒకటి తిరగాలి. నువ్వు మాత్రం? "ఈ నీళ్ళు తాగరాదు" అని ఎర్ర రంగుతో పెట్టావు. ఆకుపచ్చ రంగుతో పెట్టలేదేం? నీదీ భయపెట్టడమే. నీ బోర్డుకి జీతమిచ్చేది మునిసిపాలిటీ, నా బోర్డుకి డాక్టరుగారు. అంతే తేడా.

రెండో సగం పెట్టమని పెద్దసారుని అడిగాను. నిజంగా అడిగాను. "భయం తీర్చేస్తే ఇక ఓటెందుకమ్మా?" అన్నారు.

అమ్మ మాత్రం ఆకాశంలో ఉంది. షాపుకి ఎవరొచ్చినా "మా అమ్మాయే రాసింది" అని చెప్తోందట. నువ్వైనా కొంచెం సంతోషించు.

పిచ్చుక

*

నీటి పరీక్షల గది
ఆగస్టు 12

పిచ్చుకా,

నీ ప్రశ్న వారం రోజులు నా జేబులో తిరిగింది. ఎర్ర బోర్డుకీ నీ ప్రకటనకీ తేడా ఏమిటని. మొదట కోపంతో ఒక జవాబు రాశాను, చించేశాను. నువ్వన్న దాంట్లో సగం నిజం ఉంది. నేనూ భయపెడతాను. భయం లేకపోతే ఆ రోజు రెండు వందల ఇళ్ళలో ఆ నీళ్ళు తాగేవాళ్ళు.

కానీ నా బోర్డు ఏం చెయ్యాలో చెప్తుంది. ఇది తాగకు, ట్యాంకరు అక్కడుంది, వెళ్ళు అంటుంది. పని అయ్యాక దాన్ని నేనే పీకి, భుజాన వేసుకుని తీసుకొస్తాను. నువ్వు పెట్టిన బోర్డుని ఎవరు పీకుతారు? ఏ రోజు పీకుతారు?

ఇంకొక సంగతి. మన వీధి వెనక కలప డిపోలో పాడుపడ్డ బావి ఉంది కదా. "కుళాయి కంటే బావి నయం" అని జనం అక్కడికి బిందెలతో వెళ్తున్నారు. శాంపిల్ పట్టి చూశాను. పక్కనే మరుగుదొడ్ల గుంత ఉంది, ఇక చెప్పేదేముంది. ఎర్ర బోర్డు పెట్టాను. మర్నాటికి అది బావిలో తేలుతోంది. ఇంకోటి పెడుతుంటే ఒకాయన అడ్డుపడ్డాడు. "కుళాయిలో మట్టి వస్తుంటే నోరు మూసుకున్నోళ్ళు, బావి దగ్గర బోర్డులు పెడతారా? మీ మాట నమ్మాలా?" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా తెలిసిన మనిషి.

అందరికీ కాచి తాగమని చెప్తున్నాను. కొందరు వింటున్నారు.

మామయ్య

*

ప్రకటనల కంపెనీ
ఆగస్టు 27

మామయ్యా,

రెండే ముక్కలు. అమ్మ వారం నుంచి ఫోనెత్తడం లేదు. ఒక్కసారి ఎత్తి, "గొంతు పట్టేసిందే, తర్వాత చేస్తా" అంది. వెనకాల ఎవరో "నర్సమ్మా" అని పిలుస్తున్నట్టు వినబడింది. షాపుకి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోతోంది.

ఏమైంది? దాచకుండా రాయి. నాలుగు రోజుల్లో నీ ఉత్తరం రాకపోతే బయల్దేరి వచ్చేస్తా.

పిచ్చుక

*

ప్రభుత్వాసుపత్రి, ఆడవాళ్ళ వార్డు బయట బల్ల
ఆగస్టు 29

పిచ్చుకా,

గండం గడిచింది. ముందు అది చదువుకో. మీ అమ్మ నిన్న లేచి కూర్చుంది. గంజి తాగింది, పక్క మంచం ఆవిడ చీర అంచు కుట్టు బాగాలేదని చెప్పింది. ఇక బతికినట్టే.

ఇరవయ్యో తేదీన చేర్పించాను. వాంతులు, విరేచనాలు. మూడు రోజులు మనిషి మనిషి కాదు. "పిల్లకి చెప్పావంటే నా మీద ఒట్టే, ఎన్నికలయ్యే దాకా దాని పని చెడకూడదు" అంది. చెప్పకుండా ఊరుకున్నాను. కానీ నేను దాచింది ఇదొక్కటే కాదు.

మీ అమ్మ కూడా ఆ బావికి వెళ్తోందని పోయిన ఉత్తరం రాసేనాటికే నాకు తెలుసు. అక్కతో పోట్లాడాను. "కుళాయి నీళ్ళు బాగున్నాయి, నేను పరీక్ష చేసి చెప్తున్నా కదే" అన్నాను. ఏమందో తెలుసా? "నువ్వు ఆ ఆఫీసులో జీతం తీసుకునేవాడివి, బాగున్నాయనే అంటావు. నా కూతురు అన్నీ కనుక్కుని రాసింది. అది అబద్ధం రాస్తుందా?" అంది. కనీసం కాచుకో అంటే, "బావి నీళ్ళు కాస్తే రుచి పోతుంది" అంది. తర్వాత నాతో మాటలు మానేసింది.

అప్పుడే నీకు ఒక్క ముక్క రాసుంటే నువ్వు ఫోన్ చేసి చెప్పేదానివి. నువ్వు చెబితే వినేది. నేను రాయలేదు. నీ ప్రకటన ఏం చేస్తుందో నువ్వే చూడాలి అని ఎక్కడో మొండితనం ఉండిపోయింది. యాభై నాలుగేళ్ళ మనిషికి ఉండాల్సిన బుద్ధి కాదు.

మన వీధి నుంచి పంతొమ్మిది మంది ఇక్కడ చేరారు. పద్దెనిమిది మంది కోలుకున్నారు. అక్క షాపు పక్కన ఇస్త్రీ పెట్టుకునే ఆయన కోలుకోలేదు. ముందే చక్కెర జబ్బు మనిషి. కిడ్నీలు పాడయ్యాయి. సోమవారం మధ్యాహ్నం పోయాడు. బొగ్గుల వేడికి రోజంతా దాహంతో ఉండేవాడు, నీకు తెలుసు. అక్క షాపులో కుండలో నీళ్ళు తాగేవాడు. అక్క బావి నుంచి తెచ్చిన నీళ్ళు.

ఆ సంగతి అక్కకి ఇంకా చెప్పలేదు.

ఇంకోటి కూడా దాచాను. ఆవిడ నన్ను అడిగిన మాటతో సహా ఆ రోజు సంగతులు ప్రకటనల కంపెనీకి ఎలా తెలిశాయని జూలైలోనే విచారణ వేశారు. "మా మేనకోడలికి నేనే రాశాను" అని చెప్పేశాను. కొండ మీది పంపుహౌసుకి బదిలీ చేశారు. ఒకటో తేదీన వెళ్ళాలి. నువ్వు వస్తే అక్క దగ్గర ఉండొచ్చు. రా.

మామయ్య

*

అమ్మ షాపు
సెప్టెంబర్ 14

మామయ్యా,

నువ్వు కొండెక్కిన రోజే నేను దిగాను. బస్టాండులో ఎదురుపడతామేమో అనుకున్నాను. ఎదురుపడితే ఏం చెప్పాలో తెలియక, పడకపోతేనే బాగుణ్ణు అని కూడా అనుకున్నాను.

వచ్చేముందు పెద్దసారు దగ్గరికి వెళ్ళాను. నీ ఉత్తరం చేతికిచ్చాను. ఆయన పూర్తిగా చదివారు, అది మాత్రం చెప్పాలి. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "చాలా బాధగా ఉందమ్మా. కానీ ఇప్పుడు ఆపితే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది," అన్నారు.

"ఒప్పుకుందాం సార్," అన్నాను.

"భయం మనం పుట్టించలేదు. వాళ్ళ దగ్గర ఉన్నదాన్నే కాస్త గట్టిగా వినిపించాం."

"ఆ బ్యాంకు గుమస్తా గ్లాసు కింద పెట్టాక వేరే ఏం తాగాడో మనం చూడలేదు కదా సార్," అన్నాను. నా బల్ల ఖాళీ చేసి వచ్చేశాను.

అమ్మని ఇంటికి తీసుకొచ్చాక నీ జూన్ ఉత్తరం చదివి వినిపించాను. రెండో సగంతో సహా. అమ్మ గోడ వైపు చూస్తూ విన్నది. "అంటే, నీళ్ళు బాగానే ఉన్నాయా?" అంది. అవునన్నాను. "నీకు తెలుసా?" అంది. తెలుసు అన్నాను. ఎప్పటి నుంచి అని అడుగుతుందేమో అని భయపడ్డాను. అడగలేదు. "ఇస్త్రీ ఆయన కనపడ్డంలేదేమే, కిటికీలోంచి రోజూ పలకరించేవాడు," అంది. చెప్పాను. మర్నాడు లేవగానే కుండ తీసుకెళ్ళి పెరట్లో పగలగొట్టింది.

నీ ఉత్తరానికి మూడు వందల కాపీలు తీయించి ఇంటింటికీ తిరిగాను. తేదీ దగ్గర కింద గీత గీశాను. "ప్రకటన రాసింది నేనే, అది సగమే, మిగతాది ఇదిగో" అని చెప్పాను. కొందరు తలుపు వేసేశారు. ఒకావిడ, "ఇప్పుడు చైర్మనుకి అమ్ముడుపోయావా?" అంది. డాక్టరుగారి మనుషులు వచ్చి పోలింగు అయ్యే దాకా ఇంట్లో కూర్చోమన్నారు. ఆ సాయంత్రమే చైర్మన్‌గారి మనుషులు వచ్చి తమ వేదిక మీద మాట్లాడమన్నారు. "మీరు చెబితే కన్నీళ్ళు పెట్టుకుంటారు మేడమ్" అన్నారు. రానన్నాను.

అయినా వాళ్ళు ఆగలేదు. ఇవాళ పొద్దున చూస్తే వీధంతా పోస్టర్లు. ఇస్త్రీ ఆయన ఫోటో. ఎక్కడ సంపాదించారో. కింద పెద్ద అక్షరాలతో, "డాక్టరు మాట విని ఇతను బావి నీళ్ళు తాగాడు. రేపు మీ చేత ఏం తాగిస్తారో?" అని ఉంది.

మామయ్యా, నీతో కాబట్టి చెప్తున్నాను. ఆ పోస్టరు ముందు నిలబడి నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటంటే, చాలా బాగా రాశారు అని.

పిచ్చుక

*

కొండ మీది పంపుహౌసు
అక్టోబర్ 16

పిచ్చుకా,

ఇక్కడ నేనూ, రెండు పంపులూ, ఒక రేడియో. రేడియో నాకు సరిగా వినబడదు కాబట్టి ఫలితాలు పంపు ఆపరేటరు కాగితం మీద రాసి చూపించాడు. డాక్టరుగారు గెలిచారు. నాలుగు వందల పన్నెండు ఓట్ల తేడా. మన వీధి ఓట్లతోనే గెలిచారట.

నీ ఉత్తరం నాలుగు వారాలు దాచుకుని ఇప్పుడు జవాబు రాస్తున్నాను. కోపం ఉండి కాదు. ఏం రాయాలో తెలియక.

మొన్న ఇంజనీరుగారు జీపులో వచ్చారు. కొత్త పాలకవర్గం మొదటి సమావేశంలోనే పైపులు మార్చడానికి తీర్మానం చేసిందట. మార్కెట్టు వెనక వీధి నుంచే మొదలు. ఇన్నేళ్ళూ నేను రాసిన ఉత్తరాలు బీరువాలోంచి తీసి దుమ్ము దులిపి, "ఈ వివరాలు మీ దగ్గరే ఉన్నాయి, తిరిగి రండి" అన్నారు. డిసెంబరులో వచ్చేస్తున్నాను.

ఇప్పుడు నువ్వు అడగబోయేది నాకు తెలుసు. అయితే ఆ ప్రకటన మంచే చేసిందా అని. ఇక్కడ కూర్చుని చాలాసార్లు లెక్కవేశాను. కొత్త పైపులు వస్తే ఇక ముందు ఎంతమందికి రోగం రాకుండా ఉంటుందో నేను కాగితం మీద వేసి చూపించగలను. నా పనే అది. ఆ కాగితం పట్టుకుని ఇస్త్రీ ఆయన ఇంటి గుమ్మం ఎక్కమంటే మాత్రం నా వల్ల కాదు. అంటే ఆ లెక్కలో ఎక్కడో తప్పుంది. ఎక్కడో నాకింకా దొరకలేదు.

తప్పు లెక్కేసేటప్పుడు నన్ను కూడా వదిలిపెట్టకు. నువ్వు సగం చెప్పావు, నేను అసలు చెప్పలేదు.

అక్క తింటోందా? షాపు తెరిచిందా? ఆవిడని, అంటే ఇస్త్రీ ఆయన భార్యని, నువ్వు చూశావా? నీ ఉత్తరంలో ఆవిడ ప్రస్తావనే లేదు. మూడు వందల ఇళ్ళు తిరిగినదానివి.

మామయ్య

*

అమ్మ షాపు
నవంబర్ 11

మామయ్యా,

నువ్వు సరిగ్గా అక్కడే పట్టుకున్నావు. వెళ్ళలేదు. ఆ ఒక్క ఇల్లు తప్ప అన్నీ తిరిగాను.

అమ్మ తింటోంది. షాపు తెరిచింది. నేను కాజాలు కుడుతున్నాను, వంకరగా వస్తున్నాయని తిడుతోంది. పొద్దున్నే ఇంకో పని కూడా పెట్టుకున్నాను. నీ స్థానంలో వచ్చిన అమ్మాయి శాంపిల్ పట్టేటప్పుడు వెంట వెళ్తాను. ఏ కుళాయి, ఏ తేదీ, ఎన్నింటికి, రంగు తిరిగిందా లేదా అని ఒక పలక మీద రాసి వీధి మొదట్లో తగిలిస్తాను. చదివేవాళ్ళు తక్కువ. అయినా పోయిన బుధవారం రాయడం మర్చిపోతే ఇద్దరు వచ్చి అడిగారు.

ఇస్త్రీ ఆయన బండి ఇప్పుడు ఆవిడే నడుపుతోంది. అమ్మ షాపుకి ఆనుకునే. నెల రోజులు నేను వెనక తలుపు నుంచే రాకపోకలు చేశాను. నీ ఉత్తరం వచ్చాక ఇక తప్పించుకోలేకపోయాను. నిన్న మధ్యాహ్నం బట్టలు ఇవ్వడానికి ఎవరూ లేనప్పుడు వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"ఆ నీళ్ళ ప్రకటన రాసింది నేనండీ," అన్నాను.

ఆవిడ చొక్కా కాలరు మీద పెట్టె నడుపుతోంది. ఆపలేదు. "ఏది, టీవీలో వచ్చేదా?"

"ఆఁ."

"అదెవరో పెద్ద పెద్దోళ్ళు రాసుంటారనుకున్నా. నువ్వా?" అని అప్పుడు తల ఎత్తి చూసింది. నా వయసు ఎంతో లెక్కవేస్తున్నట్టు చూసింది.

నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ చెప్పాను. తేదీ తీసేసిన సంగతి, నువ్వు తాగిన సగం వదిలేసిన సంగతి, బావి, మా అమ్మ కుండ. ఆవిడ మధ్యలో రెండుసార్లు పెట్టెలో బొగ్గులు ఊదుకుంది. విన్నదో లేదో అనుకున్నాను. చొక్కా మడత పెట్టి పక్కన పెట్టాక అంది:

"మా ఆయనకి అది చాలా నచ్చిందమ్మా. వచ్చినప్పుడల్లా పని ఆపి వచ్చి చూసేవాడు. మన నీళ్ళ గురించి కూడా ఎవరో ఒకరు పట్టించుకున్నారే, అనేవాడు."

నా మీద అరుస్తుందని వెళ్ళాను మామయ్యా. ముఖం మీద కొడితే పడదామనుకునే వెళ్ళాను. ఆవిడ ఆ మాట అని, ఇంకో చొక్కా తీసుకుని, నీళ్ళు చిలకరించి, పరిచింది. వెళ్ళమనలేదు. కూర్చోమనలేదు. ఎండ పడమటికి తిరిగి బండి నీడ నా కాళ్ళ మీద నుంచి జరిగిపోయే దాకా నేను అక్కడే నిలబడ్డాను.

పిచ్చుక